లఫాన్‌ల మూడో తొట్టి

"డాక్టరు రాసింది చదివావు, నేను రాసింది చదివావు. ఇంకా ఏం మిగిలింది నీకు?" అన్నాడు సూపరింటెండెంట్ ట్యూట్.

గురువారం ఉదయం తొమ్మిదీ నలభై. లఫాన్ వాళ్ల బీరు బట్టీ ఆవరణలో ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి ఉన్నారు. ట్యూట్ ఆ క్లోన్‌రాత్ ఊరి పోలీసులకి పెద్ద. లాంగ్‌ఫర్డ్ నుంచి బదిలీ అయి వచ్చి ఏడాది కూడా కాలేదు. యాభై ఏళ్ల బలమైన మనిషి. రెండోవాడు డిటెక్టివ్ ఇన్‌స్పెక్టర్ ఫింటన్ బ్రీన్. నిన్న సాయంత్రమే డబ్లిన్ నుంచి రైలు దిగాడు. సన్నగా, ఎప్పుడూ నిద్ర చాలనట్టు కనిపిస్తాడు.

బ్రీన్ చేతిలో రెండు కాగితాలున్నాయి. బట్టీ యజమాని వాల్టర్ లఫాన్ మంగళవారం పొద్దున మూడో నంబరు తొట్టి అడుగున బోర్లా పడి చనిపోయి ఉన్నాడు. ఒంటిమీద దెబ్బ లేదు. పులిసే బీరు విడిచే గాలి పీల్చి ఊపిరాడక పోయాడని డాక్టరు రాశాడు. ప్రమాదం అని ట్యూట్ రాశాడు.

"ఒకటి మిగిలింది సార్. ఆ తొట్టి ఖాళీది. ఆదివారం కడిగారు, రెండు రోజులు ఆరబెట్టారు. అందులోకి ఆ గాలి ఎక్కణ్ణుంచి వచ్చింది?"

"బీరు బట్టీలో గాలి ఎక్కణ్ణుంచి వస్తుందని అడుగుతున్నాడయ్యా డబ్లిన్ మేధావి. చేపల కొట్లో వాసన ఎక్కణ్ణుంచి వస్తుందో కూడా కనుక్కుని పో." ట్యూట్ పైపు వెలిగించుకున్నాడు. "ఆరూ పదిహేనుకి దిగాడు. ఆరూ ఇరవై అయిదుకి కొవ్వొత్తి ఆరిపోయింది. తల వంచుకుని పని చేసుకుంటున్నాడు, చూసుకోలేదు. ఆరూ ముప్ఫయి అయిదుకి ముసలి మాటీ వచ్చి చూశాడు. ఇరవై నిమిషాల కథ. దీనికి రెండు రోజులు కావాలా నీకు?"

"మధ్యాహ్నం రెండు వరకే అడుగుతున్నాను."

"రెండింటికి ఈ చావు మీద కరోనర్ విచారణ. రెండున్నరకి నీ రైలు. టిక్కెట్టు నేనే కొనిపెడతా."

గోడవారన ముప్ఫయి మంది పనివాళ్లు కూర్చుని ఉన్నారు. అందులో ఒక్కడు కూడా లోపలికి వెళ్లడం లేదు. మంగళవారం నుంచీ అంతే. పొద్దున్నే వస్తారు, గేటు లోపల కూర్చుంటారు, పులియబెట్టే గది తలుపు వైపు చూడకుండా రొట్టె తింటారు, సాయంత్రం లేచి పోతారు. బ్రీన్ వాళ్లలో ఇద్దరిని పలకరించాడు. ఇద్దరూ టోపీ తీసి ఛాతీకి అడ్డంగా పట్టుకున్నారు కానీ నోరు విప్పలేదు.

డబ్లిన్‌కి తంతి కొట్టింది వాల్టర్ కూతురు ఎత్నా. ఇరవై నాలుగేళ్లది. బ్రీన్‌ని చూడగానే మెట్లు దిగి వచ్చింది. ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బి ఉన్నాయి. మగవాళ్ల రబ్బరు బూట్లు వేసుకుని ఉంది.

"ఏదైనా చూడాలంటే పన్నెండు లోపల చూసేయండి ఇన్‌స్పెక్టర్ గారూ. పన్నెండింటికి నేను ఆ తొట్టిలోకి దిగుతున్నాను."

"ఎందుకు?"

"ఇటు రండి."

ఆమె అతన్ని చల్లటి రాతి గదిలోకి తీసుకెళ్లి ఒక చెక్క గంగాళం మీద గుడ్డ తొలగించింది. లోపల గోధుమరంగు నురగ. బుడగ ఒకటి మెల్లగా పైకొచ్చి పగిలింది.

"ఇది మా ఈస్టు, బీరుని పులియబెట్టేది. పదిహేడొందల తొంభై మూడులో నికొలస్ లఫాన్ మట్టి కూజాలో పోసుకుని గుర్రం మీద కిల్కెన్నీ నుంచి తెచ్చాడు. నూట అరవై మూడేళ్లుగా ఒక బీరులోంచి తీసి ఇంకో బీరులో వేస్తూ బతికించుకుంటున్నాం. ఇవాళ కొత్త బార్లీ కషాయంలో పడకపోతే సాయంత్రానికి చచ్చిపోతుంది. మిగతా మూడు తొట్లూ నిండి ఉన్నాయి. ఖాళీగా ఉన్నది మూడోదే. దాని అడుగు చెక్కల మధ్య సన్నటి పగులుంది. అది పూడ్చడానికే నాన్న దిగారు."

"పనివాళ్లెవరైనా..."

"ఎవరూ దిగరు. మీకెవరూ చెప్పలేదా? మా ఇంటి పెద్దలు నలుగురు ఆ తొట్టిలోనే పోయారు. మా నాన్నతో కలిపి."

ఆ మాట చెబుతూనే ఆమె గంగాళం మీద గుడ్డ ఎంతో జాగ్రత్తగా కప్పింది.

---

మాటీ రెడ్‌మండ్ పీపాల కొట్టంలో బోర్లించిన పీపా మీద కూర్చుని ఉన్నాడు. డెబ్భై ఒక్క ఏళ్లు. వాళ్లది తరతరాలుగా ఈ బట్టీకి పీపాలూ తొట్లూ కట్టే కుటుంబం. నాలుగేళ్లుగా తను చెయ్యడం మానేసి కుర్రవాళ్ల చేత చేయిస్తున్నాడు. చేతులు రెండూ తోలు ఏప్రన్ కింద దాచుకుని ఉన్నాడు. టైము పదీ పది.

"మంగళవారం సంగతి మొదటి నుంచి చెప్పండి మాటీ గారూ. టైములతో సహా."

"ఆరింటికి గంట కొట్టారయ్యా. ఆరూ పదికి పెద్దాయన తొట్టి దగ్గరికొచ్చారు. కొవ్వొత్తి వెలిగించి దారంతో అడుక్కి దింపారు. లోపల చెడ్డగాలుంటే దీపం నిలవదు. ఐదు నిమిషాలు చూశాం. నిటారుగా వెలిగింది. నిచ్చెన వేసుకుని దిగారు."

"ముందు ఆయనే దిగుతారా? యజమాని?"

"అది వాళ్లింటి పద్ధతి. మనిషి చావగల చోటుకి ముందు లఫాన్ దిగాలి, తర్వాతే కూలోడు. పాత కాలం నించీ అంతే."

"మీరు?"

"పగులులో కూరడానికి జమ్ము పోచలు చాల్లేదన్నారు. ఇక్కడికొచ్చి తీసుకుని మళ్లీ వెళ్లా. మోకాళ్ల నొప్పులు, మెల్లగా నడుస్తా. ఆరూ ముప్ఫయి అయిదు అయింది. చూస్తే..." ముసలాడు చేతులు ఇంకా లోపలికి లాక్కున్నాడు. "దీపం ఆరిపోయుంది. పెద్దాయన మొహం నేలకానించి పడుకుని ఉన్నారు. నిద్దరోయే పిల్లాళ్లా."

"దీపం ఎప్పుడు ఆరిందో మీకు తెలుసా?"

"నేనెట్టా చూస్తానయ్యా, ఇక్కడున్నాగా."

"ఇంకెవరైనా ఆ గదిలో ఉన్నారా?"

"పురుగు కూడా లేదు."

"పనివాళ్లంతా దేనికి భయపడుతున్నారు?"

మాటీ తలుపు వైపు ఒకసారి చూశాడు. తర్వాత గొంతు తగ్గించి, "మీరు ఆ పిల్లని దిగనియ్యకండి," అన్నాడు. "కాళ్లు పట్టుకుని బతిమాలా. వినటంలా. మీరు పోలీసులు. తలుపుకి తాళం వేసేయండి."

"ఎందుకు దిగకూడదో చెబితే వేస్తాను."

ముసలాడు మొహం తిప్పుకున్నాడు. ఆ మొహంలో భయం ఎంత నిజంగా కనిపించిందంటే, బ్రీన్‌కి అనుమానం అప్పుడే మొదలైంది.

---

పులియబెట్టే గదిలో నాలుగు కొయ్య తొట్లు వరసగా ఉన్నాయి. ఒక్కొక్కటి రెండు నిలువుల లోతు. రాతి దిమ్మల మీద లేపి కట్టారు, కింద మనిషి వంగి దూరేంత జాగా ఉంది, పై అంచుల వెంట నడవడానికి చెక్క బాట ఉంది. నాలుగో తొట్టి నిండా బీరు పులుస్తోంది. పైన మూరెడు మందాన తెల్లటి నురగ కదులుతోంది. సన్నగా బుసబుసమనే శబ్దం.

పదీ నలభైకి బ్రీన్ దీపం దింపాడు. ఐదు నిమిషాలు గడియారం చూశాడు. మంట కదల్లేదు. నిచ్చెన దిగాడు.

తొట్టి లోపల బయటి శబ్దాలన్నీ ఆగిపోయాయి. తన ఊపిరి తనకే పెద్దగా వినిపించింది. నాలుగు వైపులా నల్లబడిన ఓక్ చెక్కలు, పైన గుండ్రటి వెలుతురు. చచ్చిపోయిన మనిషి గోళ్లతో గీరిన గుర్తుల కోసం చూశాడు. ఏమీ లేవు. కేక వేసే టైము కూడా దొరకలేదన్నమాట.

"బాగుందా లోపల?" పై అంచు మీద నుంచి ట్యూట్ తల కనిపించింది. "నిచ్చెన తీసేయమంటావా?"

"కాస్త ఆగి తీయండి సార్. ఇక్కడో సంగతి ఉంది."

నాలుగో తొట్టి వైపున్న గోడ మీద, పైనుంచి కిందకి వేలెడు వెడల్పున తెల్లటి చార ఎండి ఉంది. గోటితో గీకి వాసన చూశాడు. ఈస్టు నురగ. ఆదివారం కడిగిన తొట్టిలో ఆదివారం తర్వాత పడిన నురగ.

నిచ్చెనెక్కి పైకొచ్చాడు. చార ఎక్కడ మొదలైందో అక్కడ వెతికితే, రెండు తొట్ల మధ్య అడుగు పొడవున మూసిన చెక్క తూము ఒకటి కనిపించింది. దానికి అడ్డంగా పైకి లాగే ఓక్ పలక. వంద ఏళ్ల ధూళి పట్టిన గదిలో ఆ పలక జారే గాడి ఒక్కటే మెరుస్తోంది. కొవ్వు రాశారు. బ్రీన్ రెండు చేతులతో పిడి పట్టి, భుజం ఆనించి లాగాడు. పలక నాలుగు వేళ్లు లేచింది. వెంటనే చేతిలో ఉన్న కొవ్వొత్తి దాని ముందు పెట్టాడు. నోటితో ఊదినట్టు మంట వంగి ఆరిపోయింది.

"చూశారా? నురగ మీద పేరుకున్న గాలి మామూలు గాలికన్నా బరువు. పలక ఎత్తితే నీళ్లలా అటు జారిపోతుంది. కంటికి కనపడదు, చప్పుడు చెయ్యదు. దీపం పరీక్ష అయిపోయాక, మనిషి దిగాక ఎవరో దీన్ని ఎత్తారు. పని అయ్యాక దించారు."

ట్యూట్ పైపు నోట్లోంచి తీశాడు. "వందేళ్ల చెక్క. అదే జారి ఉంటుంది."

"తనే కొవ్వు రాసుకుందా సార్?"

"నోరు జాగ్రత్త బ్రీన్. ఇది నా ఊరు. ఈ కుటుంబానికి రేపు పేపర్లలో హత్య అని పడితే, ఈ బట్టీ మూతపడితే, ఆ ముప్ఫయి ఇళ్లల్లో పొయ్యి నువ్వొచ్చి వెలిగిస్తావా?"

బ్రీన్ పలక దించి, పనిముట్ల పెట్టెలోంచి ఇనుప చీల తీసి, పలక కదలకుండా గాడిలో సుత్తితో దిగగొట్టాడు.

---

పదకొండూ ఇరవైకి ఎత్నా ఆఫీసు గదిలో పాత బట్టీ లెక్కల పుస్తకాలు బల్ల మీద పేర్చింది. లఫాన్‌లు రోజూ ఏ తొట్టిలో ఏం పోశారో, ఎండా వానా ఎలా ఉన్నాయో, ఇంట్లో ఎవరు పుట్టారో ఎవరు పోయారో అన్నీ వాటిలోనే రాసుకునేవారు.

"జేమ్స్, నికొలస్ కొడుకు," అని వేలు పెట్టి చూపించింది. "నలభై తొమ్మిదిలో. అంటే పద్దెనిమిదొందల నలభై తొమ్మిది. మా ముత్తాత మైకేల్, ఎనభై ఎనిమిదిలో. తాత థామస్, ఇరవై రెండులో. ఇప్పుడు నాన్న. మా అమ్మమ్మ శాపం అనేది. ఆ రోజుల్లో వచ్చిన పెద్ద కరువులో మా బట్టీ గేటు బయట ఎవరో ఆడమనిషి పిల్లలతో చచ్చిపోయిందట. ఇంట్లో ఆ మాట ఎత్తనిచ్చేవారు కాదు."

బ్రీన్ ఒక్కో పేజీ మెల్లగా చదివాడు. నాలుగు చావుల రోజునా నాలుగో తొట్టి మంచి పులుపు మీద ఉంది. అది ఒక సంగతి. రెండోది ఇంకా చిన్న అక్షరాల్లో ఉంది. ముందుగా చూసినవాడు: తొట్ల వడ్రంగి పాట్రిక్ రెడ్‌మండ్. ముందుగా చూసినవాడు: తొట్ల వడ్రంగి లూక్ రెడ్‌మండ్. ముందుగా చూసినవాడు: తొట్ల వడ్రంగి మాటీ రెడ్‌మండ్.

"ఈ రెండు తొట్లూ, మధ్య తూమూ ఎవరు కట్టారు?"

"పాట్రిక్. నలభై ఎనిమిదిలో." ఎత్నా మొహం తెల్లబడింది. "మీరనుకునేది నేను నమ్మను. నాకు నడక నేర్పింది మాటీ తాత."

"నమ్మకండి. కానీ ఇవాళ దిగకండి."

"ఈస్టు చచ్చిపోతుంది. నూట అరవై మూడేళ్లు ఎవరి చేతుల్లోనూ చావనిది నా చేతుల్లో చావనివ్వను. మీరు తూము కనిపెట్టారు, చీల కొట్టారు. ఇంక భయం దేనికి?"

బ్రీన్ పుస్తకం మూశాడు. హంతకుడు ముసలాడైతే అతన్ని కళ్లముందు కూర్చోబెట్టుకుంటే చాలు. పలక దగ్గర నమ్మకమైన మనిషిని పెడితే చాలు. ట్యూట్ ఎంత మొండివాడైనా పోలీసు.

పన్నెండింటికి పులియబెట్టే గదిలో అదే చెప్పాడు. "నేను మాటీని పీపాల కొట్టంలో కూర్చోబెట్టి ప్రశ్నిస్తాను. ఆమె పైకొచ్చేదాకా మీరు ఈ పలక పక్కనే నిలబడండి సార్. ఎవర్నీ రానివ్వకండి."

"వచ్చినప్పటి నుంచి ఇదొక్కటే తెలివైన మాట అన్నావు," అన్నాడు ట్యూట్. కోటు విప్పి మేకుకి తగిలించి, చొక్కా చేతులు మడిచాడు. "వెళ్లు. నేనుంటాగా."

ఎత్నా అప్పటికే కొవ్వొత్తి దింపుతోంది.

---

"మీ తాత, మీ నాన్న, మీరు," అన్నాడు బ్రీన్. "ముగ్గురూ శవాన్ని ముందుగా చూసినవాళ్లే. తూము కట్టింది మీ తాత. ఇంకా దాస్తారా?"

మాటీ కళ్లు మూసుకున్నాడు. దాచలేదు. ఎన్నో ఏళ్లుగా ఎవరైనా అడిగితే బాగుండునని ఎదురుచూసినవాడిలా చెప్పాడు.

"కరువులో జొరం పాకింది. జేమ్స్ లఫాన్ గేట్లు మూయించాడు. లోపలున్నోళ్లు లోపలే, బయటోళ్లు బయటే. పందొమ్మిది రోజులు. అటకల నిండా బార్లీ. మా తాత లోపల పీపాలు కడుతున్నాడు. మా నాయనమ్మ ముగ్గురు పిల్లల్ని తీసుకుని గేటుకాడికొచ్చింది. ఆయనకి వాళ్ల గొంతులు వినపడుతున్నాయి. తెరవమని కాళ్లమీద పడ్డాడు. తెరవలా. ఒక్కో రోజు ఒక్కో గొంతు తగ్గింది. గేటు తీసేటప్పటికి ఏ గొంతూ లేదు. మా నాన్న ఒక్కడే పొరుగూళ్లో అమ్మమ్మ దగ్గరుండి మిగిలాడు."

"మీ తాత ఊరు వదిలి వెళ్లలేదా?"

"వెళ్లలా. ఇక్కడే ఉండి తొట్టి కట్టాడు. తరానికొకడు, వాళ్లింటి పెద్దోడు. ఆయన మా నాన్నకి చెప్పాడు, మా నాన్న నాకు. ఇరవై రెండులో థామస్‌ని నేనే చంపా. ఆ పలక ఎత్తి నిలబడ్డా. లోపల్నించి ఒక్క దగ్గు వినపడింది. ముప్ఫై నాలుగేళ్లయింది, ఆ దగ్గు వినపడని రోజు లేదు. నేను పోతే దీన్ని నాతోనే పూడ్చేయాలనుకున్నా. పెళ్లి చేసుకోలేదు, కొడుకు పుట్టకూడదని."

"మరి వాల్టర్?"

మాటీ తోలు ఏప్రన్ తొలగించి చేతులు చూపించాడు. వేళ్లు మెలితిరిగి, కణుపులు వాచి, అరచేతుల్లోకి ముడుచుకుపోయి ఉన్నాయి. ఆ చేతులతో చెంచా పట్టుకోవడం కష్టం. బ్రీన్‌కి తను పలక ఎత్తినప్పుడు భుజం ఎంత నొప్పెట్టిందో గుర్తొచ్చింది.

"మీరు కాదు," అన్నాడు. "ఈ సంగతి ఇంకెవరికి తెలుసు?"

"మా చెల్లికి తెలుసు. పెళ్లయి లాంగ్‌ఫర్డ్ వెళ్లింది. నాలా కాదు, అది దేన్నీ మర్చిపోదు. దాని కొడుకు పోయిన క్రిస్మస్‌కి ఇక్కడికి వచ్చాడు. బదిలీ చేయించుకుని. నా చేతులు చూసి, నీ వంతు అయిపోయింది మామయ్యా అన్నాడు. పిచ్చి మాటలే అనుకున్నా. మంగళవారం పెద్దాయన్ని చూసినప్పుడు తెలిసింది. సొంత చెల్లి కొడుకు. ఎట్టా పట్టిస్తా? అందుకే తాళం వేయమన్నా..."

బదిలీ. లాంగ్‌ఫర్డ్.

ఆరూ ఇరవై అయిదుకి కొవ్వొత్తి ఆరిపోయింది. ఎవరూ లేని గదిలో దీపం ఆరిన నిమిషం ట్యూట్‌కి ఎలా తెలిసింది?

గడియారం పన్నెండూ పద్నాలుగు చూపిస్తోంది. బ్రీన్ అప్పటికే పరిగెడుతున్నాడు.

---

తలుపు దగ్గరగా వేసి ఉంది. ట్యూట్ నాలుగో తొట్టి పక్కన నిలబడి ఉన్నాడు. పలక పూర్తిగా పైకి లేచి ఉంది. పెరికిన చీల నేలమీద ఉంది. పైకి లాగేసిన నిచ్చెన గోడకి ఆనించి ఉంది.

"తొందరపడ్డావు బ్రీన్," అన్నాడు మామూలు గొంతుతో. "ఇంకో ఐదు నిమిషాలు మాట్లాడించాల్సింది."

బ్రీన్ తొట్టి అంచు మీదికి పాకాడు. అడుగున ఎత్నా పక్కకి ఒరిగి పడి ఉంది. చేతిలో జమ్ము పోచలు. ఆమె తలకి జానెడు పైన కొవ్వొత్తి ఆరి వేలాడుతోంది. నిచ్చెన కోసం చూస్తే ట్యూట్ దానికి అడ్డంగా వచ్చాడు. బ్రీన్ గుండెలనిండా గాలి పీల్చి, అంచు పట్టుకుని వేలాడి, వదిలేశాడు.

కాలు మడతపడింది. ముక్కులో సూదులు గుచ్చినట్టయింది. ఊపిరి బిగబట్టి ఆమెను పైకి లాగి, భుజం మీద వేసుకుని లేచి నిలబడ్డాడు. ఎంత ఎత్తు వరకు వచ్చిందా గాలి? జేబులోంచి అగ్గిపెట్టె తీసి పుల్ల గీసి పైకెత్తాడు. తల దగ్గర వెలిగింది. మెల్లగా దించాడు. ఛాతీ దగ్గర ఆరిపోయింది.

తల పైకెత్తి గుక్కెడు గాలి పీల్చాడు. భుజం మీద ఎత్నా కదల్లేదు. తర్వాత ఎప్పుడో సన్నగా దగ్గింది.

"కేక వెయ్యి," అన్నాడు ట్యూట్ పైనుంచి. "గేటు బయట వాళ్లు కూడా వేశారు."

బ్రీన్ కేక వేయలేదు. అంత గాలి ఖర్చు పెట్టలేడు. రెండో పుల్ల గీశాడు. మెడ దగ్గర ఆరింది. ఎత్నాని ఇంకా పైకెత్తాడు. మూడో పుల్ల గడ్డం దగ్గర ఆరింది. మునివేళ్ల మీద నిలబడ్డాడు. చుట్టూ ఏమీ లేదు, నీళ్లు లేవు, పొగ లేదు, వట్టి వెలుతురు. ఆ వెలుతురులోనే మునిగిపోతున్నాడు. ప్రార్థన చేద్దామనుకుంటే మొదటి మాట గుర్తురాలేదు.

అప్పుడు కాళ్ల కింద దబ్బుమని దెబ్బ. ఇంకోటి. ఇంకోటి.

వెనకే వచ్చిన మాటీ తొట్టి కిందికి దూరాడు. సుత్తి పిడిని రెండు మణికట్ల మధ్య ఇరికించుకుని, బీరు వదిలే అడుగు బిరడాని కిందనుంచి కొడుతున్నాడు. ప్రతి దెబ్బకీ నొప్పితో మూలుగుతున్నాడు. ఆ చప్పుడు ఆవరణ దాకా వినపడింది. మూడు రోజులుగా గుమ్మం తొక్కని పనివాళ్లు ఒక్కొక్కరే లేచారు.

ఎనిమిదో దెబ్బకి బిరడా ఎగిరి లోపలికి పడింది. బ్రీన్ చీలమండల దగ్గర చల్లగా ఏదో జారిపోవడం తెలిసింది. పెట్టెలో మిగిలిన ఒకే ఒక్క పుల్ల గీశాడు. గడ్డం దగ్గర వెలిగింది. ఛాతీ దగ్గర వెలిగింది. చెయ్యి కాలేదాకా దాన్ని పట్టుకునే ఉన్నాడు. పైనుంచి పనివాళ్లు నిచ్చెన దింపారు.

పన్నెండూ ఇరవై ఏడుకి ఎత్నా ఆవరణలో రాళ్ల మీద కూర్చుని వాంతి చేసుకుంటోంది. ఎవరో ఆమె చుట్టూ కంబళి కప్పారు. మాటీ కొంచెం దూరంగా గోడకి చేరగిలబడి ఉన్నాడు. చేతుల నుంచి రక్తం కారుతోంది. ఆమె అతని వైపు చూసింది. దగ్గరికి రమ్మనలేదు, మొహం తిప్పుకోనూ లేదు. కాసేపటికి, "తాతా, కషాయం చల్లారిపోతుంది. బిరడా మళ్లీ ఎవరు కొడతారు?" అని అడిగింది. ముసలాడు మెలితిరిగిన చేతుల్లో మొహం దాచుకున్నాడు.

నలుగురు పనివాళ్లు ట్యూట్‌ని పట్టుకుని ఉన్నారు. అతను పెనుగులాడలేదు. బ్రీన్ అతని మణికట్టుకి బేడీలు వేస్తుంటే పెదాలు మాత్రం కదులుతున్నాయి.

"ఏమంటున్నారు?"

"నోరా. బ్రిజిడ్. చిన్న ఫెలిమ్. గేటు దగ్గర పోయిన పిల్లలు. మా అమ్మ మాకు అన్నం పెట్టేముందు ఈ పేర్లు చెప్పించేది. చెప్పాకే ముద్ద."

"అయిపోయింది ట్యూట్. మీతో ఆఖరు."

ట్యూట్ మొదటిసారి అతని కళ్లలోకి సూటిగా చూశాడు. ఆ చూపులో కోపం లేదు. జాలి లాంటిదేదో ఉంది.

"మాకు అని చెప్పాను బ్రీన్. నువ్వు సరిగా వినలేదు. మేం నలుగురం అన్నదమ్ములం."